ఫోన్ లాక్కో, పిల్లాణ్ణి కాపాడుకో

పిల్లల ఆన్‌లైన్ భద్రత గురించి ప్రపంచమంతా తల పట్టుకుంటుంటే, మన హైదరాబాద్ తల్లిదండ్రులు దానికి ఎప్పుడో మందు కనిపెట్టేశారు. ఫోన్ లాక్కోవడం. మార్కులు తగ్గినా అదే, తలనొప్పి అన్నా అదే. ఆస్ట్రేలియా వాళ్లు పాపం, 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం చేసి, 2025 డిసెంబర్ నుంచి దాని అమలుకు నానా తంటాలు పడుతున్నారు. కూకట్‌పల్లిలో అయితే ఒక అమ్మ, ఒక బీరువా తాళం చాలు.

మనకూ చట్టం లేకపోలేదు. 18 నిండని పిల్లల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. భేషైన నిబంధన. రేపు అనుమతి కోసం నాన్న ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. "ఒరేయ్ చిన్నా, ఏదో మెసేజ్ వచ్చింది, కాస్త చూడు" అంటూ ఆయనే ఆ ఫోన్ చిన్నా చేతిలో పెడతాడు. ఆ ఇంట్లో కరెంటు బిల్లు కట్టేదీ వాడే మరి.

ముక్కూ మొహం తెలియని వాళ్లతో మాట్లాడొద్దని చెప్పేదీ మనమే. స్కూల్ పేరు కనబడేలా యూనిఫాం ఫొటో, పుట్టినరోజు, టెన్త్ హాల్‌టికెట్ నంబర్ అన్నీ బంధువుల గ్రూపులో పెట్టేదీ మనమే. ఆ గ్రూపులో సగం మంది ఎవరి తరఫు వాళ్లో ఇప్పటికీ తేలలేదు.

అసలు సంగతికి వద్దాం. గేమ్‌లో పరిచయమైన 'అమ్మాయి' వీడియో కాల్ చేస్తుంది, రికార్డు చేస్తుంది. కాసేపటికి మెసేజ్. "ఐదు వేలు పంపు, లేకపోతే మీ ఇంట్లో వాళ్లకి పంపిస్తా." గమనించారా, వాడు బెదిరించేది పోలీసుల పేరు చెప్పి కాదు, మన పేరు చెప్పి! కుర్రాడు ఇంటర్ ఎంపీసీ, లెక్కలు బాగా వచ్చు. ఇంట్లో చెబితే ఫోన్ పోతుంది, "ముందు నువ్వేం చేశావో చెప్పు" అని విచారణ మొదలవుతుంది, ఆదివారం బాబాయ్ వచ్చి క్లాసు పీకుతాడు. చెప్పకపోతే పోయేది ఐదు వేలే. బ్లాక్‌మెయిల్ చేసేవాడి వ్యాపారానికి పైసా తీసుకోకుండా పెట్టుబడి పెడుతున్నది మనమే.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లల కోసం 1098 ఉంది. అమ్మాయిల్ని వేధించేవాళ్ల పని పట్టడానికి 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటికి రానివ్వరు. ఇవన్నీ మనకు తెలుసు, వాట్సాప్‌లో ఫార్వర్డ్ కూడా చేశాం. కానీ మన పిల్లాడి దగ్గరికొచ్చేసరికి "పోలీసులా? నలుగురికీ తెలిస్తే?" అంటాం. ఆ నలుగురిలో ఒక్కరూ ఐదు వేలు ఇవ్వరు, అది వేరే విషయం.

ఈలోగా మార్కులు తగ్గాయని కుర్రాడి ఫోన్ ఎలాగూ బీరువాలోకి చేరింది కాబట్టి డబ్బు నాయనమ్మ ఫోన్‌లోంచి వెళ్తుంది. దానికి లాక్ ఉండదు, పింఛన్ మాత్రం నెలనెలా పడుతుంది. పిన్ నంబర్ పెట్టిచ్చింది కూడా మనవడే. బ్యాంకు వాళ్లు ఏవో చార్జీల కింద కోసేశారని ఆవిడ గట్టి నమ్మకం. వచ్చే సోమవారం కొడుకుని వెంటబెట్టుకుని మేనేజర్‌ని నిలదీయడానికి వెళ్తోంది.