పరాసులు గెలిచినంత మాత్రాన

కొంతకాలంగా ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. దాని సారం ఇది: ప్రత్యామ్నాయ చరిత్ర నవల రాయడమంత తేలిక మరొకటి లేదు. 1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు గెలిచారని రాయండి, కథ తయారు. కోనసీమ అంతా ఫ్రెంచి మాట్లాడుతుంది. కాటన్ రాడు, ఆనకట్ట ఉండదు, డెల్టా ఎడారి అవుతుంది. అయినా జరగని చరిత్రలో తప్పులు పట్టేదెవరు?

సరిగ్గా ఈ సరుకుతోనే రెండేళ్లుగా ఒక నవలతో కుస్తీ పడుతున్నాను. జవాబు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ముందు యుద్ధం సంగతి. పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఆంగ్లేయుల కల్నల్ ఫోర్డ్ సేన విజయనగరం రాజు ఆనంద గజపతి అండతో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించిన మాట నిజం. ఆ ఫలితాన్ని తిప్పి రాసి చూశాను. నలభై పేజీల తరువాత కథ చతికిలబడింది. ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పటికే ఇక్కడ లేడు. ఆ ఏడాదే పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు లాలీ అతణ్ణి దక్షిణానికి పిలిపించుకున్నాడు. 1760 జనవరిలో ఫ్రెంచివారు వందవాసి యుద్ధంలో ఓడారు, మరుసటి జనవరిలో పుదుచ్చేరి చేజారింది. చందుర్తిలో గెలిచిన కాన్‌ఫ్లాన్స్ ఎవరి అండతో నిలుస్తాడు? అందుకని మలుపును కొన్ని నెలలు వెనక్కి జరిపాను: నా నవలలో లాలీ ఉత్తరం బుస్సీకి అందదు. అక్కడితోనూ తీరలేదు. 1757 బొబ్బిలి యుద్ధం తరువాత తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోయాడు. వారసుడైన ఆనంద గజపతికి ఫ్రెంచివారి మీద మంట. ఆంగ్లేయులను పిలిచింది ఆ మంటే. దాన్ని చల్లార్చకుండా ఏ ఫ్రెంచి గెలుపూ నిలవదు. బుస్సీ, ఆనంద గజపతుల రాజీ రాయడానికే నాకు మూడు నెలలు పట్టింది. ‘కథ తయారు’ అన్న పెద్దమనిషి ఆ మూడు నెలలూ నా పక్కన కూర్చుని ఉండవలసింది.

ఇక కోనసీమ ఫ్రెంచి మాట్లాడుతుందన్న మాట. దీనికి ఊహతో పని లేదు, గౌతమి ఒడ్డున యానాం ఉంది. మధ్యలో ఆంగ్లేయులు ఆక్రమించుకున్న ఏళ్లు తీసేస్తే, దాదాపు రెండు శతాబ్దాలు, 1954 వరకు, అది ఫ్రెంచి గడ్డ. అక్కడ బజారులో బేరం తెలుగులోనే, ఇంట్లో పోట్లాట తెలుగులోనే. భాష ఏలుబడి వెంట కాక పనిపాటల వెంట వస్తుంది. బుడతకీచులు, అంటే పోర్చుగీసువారు, డెల్టాను ఎన్నడూ ఏలలేదు. అయినా మేస్త్రీ, అలమార, బొత్తాము వారి మాటలే. అందుకే నా నవలలో ఫ్రెంచిని కోర్టు కాగితాల్లో, దస్తావేజుల్లో మాత్రమే ఉంచాను. జనం నోట వారు ‘పరాసులు’. మన పాత పుస్తకాల్లోని మాటే, నేను కల్పించింది కాదు.

సరిహద్దు నిజంగా మార్చేది చట్టాన్ని. 1929లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం వచ్చింది. యానాంకు అది వర్తించలేదు. చుట్టుపక్కల తాలూకాల నుంచి పసిపిల్లలను వెంటబెట్టుకుని పెళ్లివారు యానాం బాట పట్టారు. కాసింత దూరం వెళితే నేరం కాస్తా శుభకార్యం! ఇంతకంటే పదునైన కథావస్తువు ఫ్రెంచి పలికే కోనసీమలో దొరుకుతుందా?

ఎడారి మాట చదివి మాత్రం నవ్వొచ్చింది. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే నేల అది. ఆనకట్టకు ముందూ ఇక్కడ కొబ్బరి ఉంది, మగ్గం ఉంది, కోరంగిలో ఓడల పని ఉంది. లేనిది నీటి మీద అదుపు. ఒక ఏడు వరద ముంచుతుంది, మరో ఏడు నందన కరువు. గోదావరి పాయల గట్లు ఎత్తుగా ఉంటాయి, గట్టుకు దూరమయ్యేకొద్దీ నేల పల్లం. 1852కు పూర్తయిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా లంకల మధ్య నిలిచి, నీటిని ఆ మెరక మీది కాలువల్లోకి ఎక్కించింది. అది లేకపోతే ఇసుక దిబ్బలు రావు. రెండో పంట దాళ్వా పోతుంది, బియ్యం పడవలు పోతాయి, ఆ బియ్యం డబ్బుతో లేచిన మేడలూ బడులూ పోతాయి. కాటన్ రాకపోతే ఇంకెవరూ కట్టరన్నదీ నేను ఒప్పుకోను. ఇసుకలో పునాది వేసే పాఠాన్ని ఆయన కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై నుంచి నేర్చుకున్నాడు. ఆ కావేరి కొసన ఉన్న కారైకాల్ 1739 నుంచి ఫ్రెంచివారిదే. నా ఇంజనీరు అక్కడి నుంచే వస్తాడు, కాకపోతే ముప్పై ఏళ్లు ఆలస్యంగా. అంటే 1876 ధాత కరువు నా డెల్టాను వదలదు. అసలు చరిత్రలో ఆనకట్ట ఉండబట్టి తప్పిన దెబ్బ అది. ఆ అధ్యాయం రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు.

తప్పులు పట్టేదెవరంటారా? మా పెదనాన్న. కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. 1839 నాటి నా రెండో అధ్యాయం చదివి, కళ్లజోడు తీసి అడిగాడు: “ఒరే అబ్బాయ్, వీడు లాకులు దాటుకుంటూ పడవలో కోరంగి పోతున్నాడు. మన చరిత్రలోనే అప్పటికి ఆ కాలువ లేదు. నీ చరిత్రలోకి ఎక్కడి నుంచి వచ్చింది? పరాసులు తవ్వించారంటావా, తవ్వించినట్టు రాయి. లేదా పడవ తీసెయ్.”

పడవ తీసేశాను. మనుషులు చేసినవే మారుస్తాను, గాలివాన జోలికి పోనన్నది నేను పెట్టుకున్న నియమం. కోరంగిని తుడిచిపెట్టిన తుఫాను కనుక నా నవలలోనూ 1839 నవంబరులోనే వస్తుంది. నా నాయకుడు ఇప్పుడు ఎడ్లబండి మీద బురదలో పోతున్నాడు. పడవలో పోతే ఈపాటికి చేరి, తుఫానుకు ముందే తిరిగి వచ్చేవాడు.