గోదాములో లేనని చెప్పి, మా మడిలో మకాం పెట్టిన డీఏపీ గారికి

మహారాజశ్రీ డీఏపీ ఎరువు బస్తా గారి సముఖమునకు,

జగిత్యాల దగ్గర మూడెకరాల వరి మడి, రెండెకరాల మక్క చేను, కొట్టంలో నాలుగు బర్రెలు ఉన్న ఒక రైతు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేం కుశలం కాదు గానీ, ఎంత వెతికినా దొరకడం లేదంటే మీరు ఎక్కడో బాగానే ఉండి ఉంటారు.

నిన్న ఎరువులమ్మే సొసైటీ దగ్గర మీ దర్శనం కోసం మా చెప్పులు పొద్దున్నుంచీ లైన్లో నిలబడ్డాయి. వాటి ముందు ఎవరివో పాస్‌బుక్కుల జిరాక్సులు, అవి గాలికి ఎగిరిపోకుండా వాటి మీద కంకర రాళ్లు. చెప్పులు మాత్రం ఎండలో, వాటి యజమానులం వేపచెట్టు కింద. మధ్యాహ్నం దాటాక షట్టర్ లేచింది. మిషన్ మీద వేలు పెట్టమన్నారు. పాలు పిండి, పార పట్టి అరిగిన వేలు కదా, దానికి నచ్చలేదు. ఇంకో వేలు పెట్టమన్నారు. ఈలోగా సర్వర్ పోయింది. సర్వర్ వచ్చేసరికి స్టాకు పోయింది. చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చాం.

ఇది మామూలే, దీనికోసం ఇంత లేఖ అక్కర్లేదు. రాయించింది సాయంత్రం చేతికొచ్చిన భూసార పరీక్ష కాగితం. సర్కారు పథకం కింద ఇచ్చే భూసార కార్డు కాదండీ ఇది. 2015లో మొదలైన ఆ కార్డుల కోసం నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా చొప్పున లెక్క పెట్టుకున్నారు. దాంతో మా జాతకం, గట్టు అవతలి మామ జాతకం ఒకటే అచ్చు. ఈసారి ఎండాకాలంలో నేనే మడి అంతా తిరిగి, ‘వి’ ఆకారంలో గుంతలు తీసి, జానెడు లోతు దాకా అంచున మట్టి గీకి, గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారబోస్తూ అర కిలో మిగిల్చి ఇచ్చొచ్చాను. ఫలితం ఇదీ: నత్రజని తక్కువ. పొటాష్ మధ్యస్థం. జింకు తక్కువ. భాస్వరం ఎక్కువ.

తమరి ఒంట్లో ఉన్నది ముఖ్యంగా ఆ భాస్వరమే కదండీ! యాభై కిలోల బస్తాలో 23 కిలోలు అదే, ఇంకో 9 కిలోలు నత్రజని. అంటే సొసైటీ గోదాములో లేని తమరు మా మడిలో కిక్కిరిసి ఉన్నారన్నమాట. మా భూమిలో కిరాయి లేకుండా కాపురం ఉంటున్నవారి కోసం మేం వేరే చోట లైన్ కట్టాం.

ఎలా చేరారో లెక్క వేస్తే తేలిపోయింది. వరికి ఎకరాకు 20 నుంచి 24 కిలోల భాస్వరం వేయమని సిఫారసు, తమరు ఒక్క బస్తా వస్తే సరి. టన్ను వడ్లు పండితే నేల నుంచి తీసుకునేది ఆరు కిలోలకు అటూఇటూ. ఎకరాకు పాతిక క్వింటాళ్లు దిగితే పదిహేను. బస్తాలోని 23లో మిగతా ఎనిమిది? యూరియా అయితే కొంత నీళ్లతో పారి, కొంత గాలిలో కలిసి పోయేది. తమరు ఎక్కడికీ పోరు. వానాకాలం ఎనిమిది, యాసంగి ఎనిమిది. పైరు ఎదిగేటప్పుడు పైపాటుకు 28-28 (నత్రజని, భాస్వరం చెరో 28 శాతం ఉన్న ఎరువు) బస్తా వేయడం మా ఊరి ఆనవాయితీ, అందులో మరో 14. ఏళ్ల తరబడి ఇదే వరస.

ఇది చాలదన్నట్టు మా బర్రెలు. వడ్లగింజలో ఉన్న భాస్వరంలో చాలా భాగం తవుడులోకి పోతుంది. మిల్లుకు వెళ్లిన మా భాస్వరం తవుడు బస్తాలో కూర్చుని కొట్టానికి తిరిగొస్తుంది. బర్రె తిని పెంటకుప్పకు చేరుస్తుంది, ఎండాకాలం ట్రాక్టర్ ఎక్కి మళ్లీ మడికి. టన్ను పెంటలో రెండు, రెండున్నర కిలోలు ఉంటుంది. కోళ్ల ఎరువులో ఇంకా ఎక్కువ, ఎందుకంటే గింజలోని భాస్వరాన్ని బర్రెలా అరిగించుకోవడం కోడికి చేతకాదు. సేంద్రియ ఎరువు ఎంత పోసినా ఏం కాదనుకునేవాళ్లు కూడా ఉన్నారు. పంటకు నత్రజని మొత్తం పెంటతోనే ఇవ్వాలని గుట్టలు గుట్టలుగా పోస్తే, నత్రజని చాలేలోపే భాస్వరం పొంగిపొర్లుతుంది. వాళ్లకు వేరే లేఖ రాస్తాను, ఈరోజు తమరి వంతు.

మడిలో అంత ఉన్నప్పుడు పంటకు అందొచ్చు కదా? అందదు. తమరు నేలలో పడి కాస్త తడి తగిలితే చాలు, నల్లరేగడిలో సున్నంతో, ఎర్రచెల్కలో ఇనుముతో, అల్యూమినియంతో బిగుసుకుపోతారు. వేసిన పంటకు దక్కేది ఐదో వంతు కూడా గగనం. మొక్క వేరు తానే తమరి దగ్గరికి రావాలి, తమరు మాత్రం అంగుళం కదలరు. లాకర్లో బంగారం పెట్టి తాళంచెవి బావిలో వేసుకున్నట్టుంది మా బతుకు.

ఆ తాళం కాస్తో కూస్తో తీసేది ఎవరనుకున్నారు? తమరు చిన్నచూపు చూసే ఆ పెంటకుప్పే. అది నేలలో మాగేటప్పుడు పుట్టే ఆమ్లాలు ఇనుమును, అల్యూమినియంను తమవైపు లాక్కుని తమరిని వదిలిస్తాయి. రేగడిలో అయితే కుళ్లేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) సున్నం పట్టు సడలిస్తుంది. మా పక్కనే పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానంలో 2000 నుంచి అవే మడుల్లో, రెండు పంటకాలాలూ వరి వేసి చూస్తున్నారు. ఒట్టి నత్రజని వేసిన మడిలో పంటకు అందే భాస్వరం తరిగింది. ఎరువులతో పాటు పశువుల ఎరువు పడ్డ మడిలో పెరిగింది. కొట్టం ఉన్న రైతుకు ఇంతకంటే మంచి కబురేముంది? కానీ మా ఊళ్లో పెంట తోలించడం నామోషీ, తమరి బస్తా బండి మీద వేసుకుని రావడం గొప్ప.

ఇక ఆ కాగితంలో జింకు తక్కువ అని ఉంది చూశారా? అది నీ పనే. అవును, ‘నీ’ పనే. ఇంకా గారూ గీరూ నా వల్ల కాదు.

పోయిన యాసంగిలో నాటిన మూడు వారాలకు ముదురాకుల మీద తుప్పురంగు మచ్చలు. మొక్క గిడసబారింది, పిలకలు లేవు. ఒక ఆకు వంచితే అప్పడంలా టక్కున విరిగింది. మందుల షాపులో అగ్గితెగులన్నారు, రెండు డబ్బాలు చేతిలో పెట్టారు. కొట్టాం. మచ్చలు అలాగే ఉన్నాయి, డబ్బులు మాత్రం పోయాయి. తీరా అది జింకు లోపం. నువ్వు ఎక్కువైన నేలలో మొక్కకు జింకు అందనివ్వవు. ఆ లోటు తీర్చడానికి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ మళ్లీ మేమే కొనాలి. దాన్ని నీతో కలిపి వేయకూడదట, మూడు రోజులు ఎడం ఉంచాలట. మా మడిలో, మా పైసలతో కొన్న మందుకు నీ ముహూర్తం చూడాలి!

ఇంత చేసినా ఊళ్లో నీకున్న పేరు చెరగదు. ‘డీఏపీ పడితే పైరు నల్లబడుద్ది’ అంటారు. ఒరే, ఆ ముదురాకుపచ్చ నలుపు భాస్వరానిది కాదురా, నీలో ఉన్న తొమ్మిది కిలోల నత్రజనిది. అదే తొమ్మిది కిలోలు ఇరవై కిలోల యూరియాలో ఉంది. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలు. అంటే ఇరవై కిలోలకు నూట ఇరవై రూపాయల లోపు. నూట ఇరవై రూపాయల నలుపు కోసం 1,350 రూపాయలు పోసి, మిగతా 23 కిలోలను మా మడిలో పాతిపెడుతున్నాం. భాస్వరం నిజంగా తక్కువున్న నేలకు పెట్టిన ప్రతి పైసా న్యాయమే. మా మడికి కాదు.

ఆ 1,350 కూడా నీ అసలు ధర కాదు. 2021లో నీ రేటు పెరిగిపోతే, ఢిల్లీ వాళ్లు బస్తాకు సబ్సిడీ 500 నుంచి 1,200 చేసి, మా దగ్గర అప్పట్లో మరో 1,200 తీసుకుని ఇప్పించారు. మొరాకోలో, జోర్డాన్‌లో రాయి తవ్వి, ఓడల్లో దించి, సగం సొమ్ము సర్కారు కట్టి, సగం మేం కట్టి, చివరికి ఎక్కడికి? ఇప్పటికే నువ్వు నిండిపోయిన మడికి. పైగా నువ్వు కావాలంటే నీతో పాటు మేం అడగని నానో ఎరువు సీసా ఒకటి కొనాలి. వద్దంటే స్టాకు లేదు. సీసా తీసుకుంటే స్టాకు ఎక్కడినుంచో ఊడిపడుతుంది.

కోపంలో చాలా అన్నాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. వరి కోశాక చలికాలంలో వేసిన మక్క చేను సంగతి వేరు. వరి మడిలో నీళ్లు నిలిచినప్పుడు గాలి ఆడక ఇనుము పట్టు వదిలి నువ్వు నీ అంతట నువ్వే బయటపడతావు, అందుకే వరి నీ కోసం అంతగా ఏడవదు. నీళ్లు తీసి మడి ఆరబెట్టామా, మళ్లీ బిగుసుకుంటావు. పైగా డిసెంబరు చలి. చిన్న వేరు అంత దూరం పాకలేదు. మొలిచిన మక్క ఆకుల అంచులు ఊదారంగుకు తిరుగుతాయి, చూస్తే గుండె చెరువవుతుంది. అప్పుడు గింజ పక్కన, రెండంగుళాలు ఎడంగా, నీ నల్లగుళికలు నాలుగు పడితే ఆ మొక్క లేచే తీరే వేరు. అక్కడ నీకు సాటి లేదు. పెంట ఆ వేగంతో ఇవ్వలేదు, మా బర్రెల మీద ఒట్టు.

అందుకని ఈ ఏడాది నీకు మా షరతులు. వానాకాలం వరి మడికి నువ్వు రావద్దు. అక్కడ మాగిన పెంటలో రెండు కిలోల పీఎస్‌బీ, అంటే భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా పొడి, కలిపి చల్లుతాం, ఇప్పటికే లోపలున్న నీ చుట్టాలను లేపే పని ఆ బ్యాక్టీరియా చూసుకుంటుంది. పైపాటుకు 28-28 బదులు యూరియా, పొటాష్ చాలు. యాసంగి మక్క కింద మాత్రం ఎకరాకు ఒక బస్తా, విత్తే రోజుకు, ముందే చెప్పి రా. లైన్ కట్టించకు. ఆ సీసాను వెంట తేకు.

ఇట్లు,
నీ ఇంటి యజమాని