మన ఒంటికి షుగర్ లెక్క వేరే ఉంటుందా?

గుంటూరు, బెజవాడ ఫ్యామిలీ గ్రూపుల్లో ఈ మధ్య ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. తరతరాలుగా అన్నం తిన్న ఒళ్లు కాబట్టి మనకి ఇట్టే అరిగిపోతుందట, షుగర్ హద్దులు తెల్లోళ్ల కోసం రాసినవి కాబట్టి మనకి తిన్నాక 220 ఉన్నా నార్మలేనట, సన్నగా ఉన్నోళ్లకి భయమే లేదట, పైగా బీపీటీ బియ్యం తింటే షుగర్ పెరగదట. పంపిన పెద్దవాళ్ల మీద గౌరవం ఉంది గానీ, ఇది చూసి ఎవరైనా మాత్రలు ఆపేస్తారేమోనని నా టెన్షన్.

ముందు హద్దుల సంగతి. పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకి 200 అన్న గీతలు గాల్లోంచి రాలేదు. షుగర్ ఏ మోతాదు దాటాక కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కువవుతోందో చూసి నిర్ణయించారు. 1997లో అమెరికా నిపుణుల కమిటీ చూసిన లెక్కల్లో ఒకటి అరిజోనాలోని పీమా ఆదివాసులది, ఇంకొకటి ఈజిప్టు వాళ్లది, మూడోది అమెరికాలో అన్ని జాతుల జనం కలిసినది. ఇందులో తెల్లోళ్ల ప్రత్యేకం ఏముంది?

అన్నం ఇట్టే అరుగుతుందన్నది సగం నిజమే. పిండిపదార్థాలు బాగా తినే జనాల్లో ఉమ్మిలో పిండిని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైముని తయారుచేసే జన్యువు కాపీలు ఎక్కువని 2007లో ఒక పరిశోధన చెప్పింది. సరే, కానీ అరగడమంటే ఆ పిండి గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరడమే కదా, చేరాక దాన్ని సర్దాల్సింది ఇన్సులిన్, అది చాలకపోవడమే కదండీ అసలు జబ్బు! ఇక కడుపు ఖాళీ అయ్యే వేగం ఒకే ఇంట్లో అన్నదమ్ములకే వేరుగా ఉండొచ్చు. ఏళ్లతరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లకి అది మందగిస్తే, భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకున్నాక షుగర్ పడిపోయి, ఆ తర్వాతెప్పుడో లేస్తుంది. దీన్ని జాతిని బట్టి ఎలా చెబుతారు?

సన్నగా ఉంటే రాదా? పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కనే పెట్టి లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2. ఆసియా వాళ్లు బీఎంఐ 23 నుంచే జాగ్రత్తపడాలని డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు చెప్పిందీ ఆ ఏడాదే. అంటే జాతుల మధ్య తేడా ఉంది, కాకపోతే మెసేజ్ చెప్పినదానికి సరిగ్గా రివర్సులో.

బియ్యం మాట. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 వేరు, హైదరాబాద్ శాస్త్రవేత్తలు దాన్నుంచే ఆకు ఎండు తెగులు తట్టుకునేలా తీసిన మెరుగైన సాంబ మసూరి వేరు. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పే అంకె) 51 దాకా ఉందని చెప్పేది ఈ రెండోదాని గురించి. మామూలు సోనా మసూరి పరీక్షలో 72 వచ్చింది. 51 రకమే దొరికినా, గోంగూర పచ్చడి బాగుందని మూడోసారి వడ్డించుకుంటే ఆ నంబరు ఏం కాపాడుతుంది? దానికన్నా, మొదట కూర, పప్పు తినేసి ఆఖర్న కాస్త అన్నం పెట్టుకోండి, తిన్న రెండు గంటలకి మీటర్లో మీరే చూసుకోండి.