పెరటి గోడ, దాని విసర్గ

(ఒడిశాలోని పర్లాకిమిడి. పెరట్లో తిత్లీ తుఫాను పడగొట్టిన గోడ. పక్కనే గడ్డి మొలిచిన ఇసక కుప్ప.)

ఆవిడ: ఏటండీ, ఈ గోడ ఎప్పుడు కట్టిస్తారు? 2018 అక్టోబరు 11న పడిపోనాది.

ఆయన: కట్టించడం కాదే. లేనిదాన్ని కడతాం. ఉండి పడిపోయినదాన్ని పునర్నిర్మిస్తాం.

ఆవిడ: అదేటో అదే సేయండి.

ఆయన: పునః, నిర్మించు. నకారం ఎదురయ్యేసరికి విసర్గ, అంటే ఆ రెండు సున్నలు, రేఫగా, అంటే ‘ర్’గా మారిపోయింది. అదే పకారం ముందైతే కదలదు. పునఃపరిశీలన చూడు.

ఆవిడ: విసర్గయినా కదిలింది, మీరు కదల్లేదు.

ఆయన: నిన్న “మళ్లీ పునర్నిర్మించండి” అన్నావు. పునః అంటేనే మళ్లీ!

ఆవిడ: రెండుసార్లు కడితే గట్టిగుంటాదని అన్నాను. పూలదండ తెగితే మళ్లీ కడతన్నాను, చీర జారితే మళ్లీ కడతన్నాను. చీర పునర్నిర్మించనా?

ఆయన: చీరకి చెల్లదు. ఇల్లు, వంతెన, ఊరు, పార్టీ... వీటికి.

ఆవిడ: గుడికి?

ఆయన: జీర్ణోద్ధరణ.

ఆవిడ: మన నౌపడ చిన్న రైలు పట్టాలు పీకి పెద్దవి ఏసినారు కదా, దానికి?

ఆయన: గేజి మార్పిడి.

ఆవిడ: ఒకో దానికి ఒకో పేరు! ఆ ఇసక కుప్పకేటి పేరు?

(ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికేం లేదు.)

ఆవిడ: మేస్త్రీ “పాచేరి తోళిబా” అన్నాడు. ఒడియాలో గోడ కడదాం అని. మీరు “తోలు” మాత్రం ఇని, రెండు ట్రాక్టర్ల ఇసక తోలించినారు!

ఆయన: పుట్టి బుద్ధెరిగి ఇక్కడే ఉన్నాం, ఆ మాత్రం ఒడియా నాకు రాదా? ఆ రోజు గాలి హోరు. సరే, ఫోను ఇటియ్యి.

(ఒడియాలోనూ “పునర్నిర్మాణ” ఉందని గుర్తొచ్చి గొంతు పెంచారు. కాసేపటికి ఫోను దించారు.)

ఆవిడ: ఏటన్నాడు?

ఆయన: ఏ పథకం కింద, బిల్లు ఎవరు పాస్ చేస్తారు అంటున్నాడు.

ఆవిడ: ఇలాగ ఇవ్వండి. మిస్త్రీ భాయి! పాచేరి తోళిబా!

(సాయంత్రానికల్లా మేస్త్రీ వచ్చాడు. కుప్ప చుట్టూ ఓసారి తిరిగాడు. సగం వానకి కొట్టుకుపోయిందట, మళ్లీ ఇసక తోలించాలన్నాడు.)