మన చందాతో మా చెరువును పూడ్చవద్దు

ఈసారి అమెరికాలో మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాల్లో పోలి స్వర్గం దీపాలు ఎక్కడ వదిలామో మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు ఆడుకునే నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో. అరటి దొప్పలు దొరక్క కాగితపు గిన్నెల్లో బ్యాటరీ దీపాలు పెట్టాం. నాకు ఆ తొట్టి మీద ఏ ఫిర్యాదూ లేదు. ఇక్కడ చెరువు లేదు కాబట్టి తొట్టి పెట్టుకున్నాం. నా బాధంతా ఆ తరువాత తెర మీద చూపించిన బొమ్మ గురించి.

సంఘం చేసే 'సొంత ఊరికి సాయం' కింద ఈ ఏడాది మా ఊరిని ఎంచుకున్నామని ప్రకటించగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. గుంటూరు పక్కన ఉన్న మా పల్లెలో కల్యాణ మండపం, కింద వరుసగా దుకాణాలు, ముందు కార్లు ఆపుకునే జాగా. చందా కాగితం మీద సంతకం కూడా పెట్టేశాను. అప్పుడు బొమ్మలో ఎడమ పక్కన రావిచెట్టు కనిపించింది. ఆ చెట్టు మొదట్లో రాతిమెట్లు ఉండాలి. మెట్ల కింద నీళ్లు ఉండాలి. అక్కడ కార్లు ఉన్నాయి.

ఆ రాత్రే మా చిన్నాన్న కొడుక్కి ఫోను చేశాను. "అన్నయ్యా, నీకు తెలిసే జరుగుతోందనుకున్నాం" అన్నాడు. పది రోజులుగా ఊరివాళ్లు కట్ట మీద టెంటు వేసుకుని కూర్చున్నారు. మెరక తోలడానికి వచ్చిన టిప్పర్లకు ఆడవాళ్లు అడ్డం నిలబడి వెనక్కి పంపారు. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి వచ్చారు. మండపానికి డబ్బు అమెరికా వాళ్లదని ఊళ్లో చెప్పారట. టెంటులో కూర్చున్న మా పెద్దమ్మ దృష్టిలో ఆ టిప్పర్లు నావే.

మా ఊరికి రెండు చెరువులు. కాలువ నీళ్లతో నింపుకునే మంచినీళ్ల చెరువుకు కంచె ఉంది. రెండోది ఊర చెరువు. గేదెలు దిగేది, బట్టలు ఉతికేది, పిల్లలు ఈత నేర్చుకునేది అందులోనే. పోలి పాడ్యమి నాడు తెల్లవారకముందే నాయనమ్మ నన్ను నిద్రలేపి అక్కడికే తీసుకెళ్లేది. మెట్లు పాకుడుపట్టి ఉండేవి. నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, దొప్పను నీళ్ల మీద పెట్టి, అరచేత్తో మూడుసార్లు నీటిని తోసేది. దీపం కొంత దూరం వెళ్లి తూటికాడల దగ్గర ఆగిపోయేది. ఒకసారి అక్కడ పడుకున్న నీటికోడి ఉలిక్కిపడి లేచి, దీపాల వరుసను చీల్చుకుంటూ అవతలి గట్టుకు పరుగెత్తింది. నాలుగు దొప్పలు బోల్తాపడ్డాయి. నేను ఏడుపు మొహం పెడితే నాయనమ్మ అంది: "అది వాళ్లిల్లు రా. మనమే చెప్పకుండా వచ్చాం."

ఉప్పలపాడు సంగతి మీకు తెలుసు. గుంటూరుకు పది కిలోమీటర్ల లోపే ఉన్న ఆ ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సెలవులకు వెళ్లిన మనలో చాలామంది పిల్లలకు చూపించి ఫొటోలు తీసుకున్నాం. కానీ అన్ని పక్షులకు సరిపడా చేపలు ఆ చిన్న చెరువులో ఉండవు. అవి గూడు అక్కడ కట్టుకుని, మేతకు చుట్టుపక్కల చెరువులకు, కాలువలకు, వరిచేలకు వస్తాయి. అందుకే మా చెరువు మధ్యలో గూడబాతులు దిగుతాయి. గట్టున నత్తలు ఏరుకుతినే కొంగలు నిలబడతాయి. పక్షుల కేంద్రమని ఏ బోర్డూ లేని ఇలాంటి చెరువులను ఒక్కొక్కటే పూడ్చుకుంటూ పోతే, బోర్డు ఉన్న ఆ ఒక్క చెరువులో ఆ పక్షులు తమ పిల్లలకు ఏం తెచ్చిపెడతాయి?

మండపం కావాలనేవాళ్ల మాట కూడా విన్నాను. చెరువు నిండా గుర్రపుడెక్క, ఊరి మురుగంతా అందులోకే, సాయంత్రమైతే దోమలు. పంచాయతీకి దుకాణాల అద్దె వస్తే వీధి దీపాలైనా వెలుగుతాయి. పెళ్లి చేయాలంటే గుంటూరు పోవాలి, ఒక్కరోజు అద్దె కట్టలేక అప్పు చేసినవాళ్లు ఉన్నారు. ఇవేవీ కల్పితాలు కావు. కానీ మురుగు తానంతట తాను చెరువులోకి రాలేదు. వీధి కాలువను అటు తిప్పింది ఊరే, మా ఇంటివాళ్లతో సహా. ముందు మురికి చేసి, తర్వాత మురికిగా ఉందని పూడ్చేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

పైగా ఆ స్థలం రికార్డుల్లో చెరువు పోరంబోకు, అంటే ఊరి ఉమ్మడి భూమి. పంజాబులో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్న కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్లను ఖాళీ చేయించమంది, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మంచి పనికే కదా అంటే చెల్లదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మనం ఇదే వేదిక మీద చందాలు పోగుచేశాం. మా ఊళ్లో వాన నీరు చేరేది ఊర చెరువులోకే. దాన్ని మెరక చేస్తే ఆ నీళ్లు పక్కనున్న పల్లపు ఇళ్లలోకి వెళ్తాయి. గుంటూరు పేరులోనే గుంట ఉంది, సంస్కృతంలో గర్తపురి అన్నా గుంటల ఊరనే. గుంటూరులో సంగడిగుంట, నల్లచెరువు అనే పేటలున్నాయి. అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లకు వానాకాలం గురించి వేరే చెప్పనక్కరలేదు.

కార్యవర్గానికి చేతులు జోడించి అడుగుతున్నాను. గ్రామసభ పెట్టి, చెరువు గట్టు మీద ఉన్న ఆడవాళ్ల మాట విన్నాకే పైసా పంపండి. మండపం కావాలంటే ఊరవతల బడి వెనక మా నాన్నగారి అరెకరం ఉంది, రాసిస్తాను. నా చందా మాత్రం గుర్రపుడెక్క తీయించడానికి, తూము బాగుచేయడానికి, మురుగు కాలువను పక్కకు మళ్లించడానికి వాడండి. పోయినవారమే కోశాధికారికి ఉత్తరం రాశాను, ఇంకా జవాబు రాలేదు.

కట్ట మీద టెంటు ఇంకా తీయలేదు. టిప్పర్లు రాత్రిపూట వస్తాయని వంతులు వేసుకుని అక్కడే పడుకుంటున్నారు. ఈ వారం మా పెద్దమ్మ వంతు.