ఎంఎస్‌కు మూలకణ మార్పిడి: అన్ని మందులూ విఫలమయ్యేదాకా ఎందుకు ఆగాలి?

మూలకణ చికిత్స అనగానే కొత్త కణాలు వచ్చి పాడైన నరాలను బాగుచేస్తాయని చాలామంది అనుకుంటారు. రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)లో జరిగేది వేరు. రోగి సొంత రక్త మూలకణాలను ముందే తీసి ఫ్రీజ్ చేస్తారు, తర్వాత గట్టి కీమో ఇచ్చి నరాల మీద దాడి చేస్తున్న రోగనిరోధక వ్యవస్థను దాదాపు తుడిచిపెడతారు, ఆపైన దాచిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. అసలు పని కీమోదే, రక్తం త్వరగా మళ్లీ తయారవడానికి మూలకణాలు కావాలి. అంటే ఇది మంటను ఆర్పుతుంది గానీ కాలిపోయిన గోడను తిరిగి కట్టదు. అలాంటప్పుడు దీన్ని చిట్టచివరి అస్త్రంలా పక్కన పెట్టుకోవడంలో అర్థమేముంది?

2019లో జామా వైద్య పత్రికలో వచ్చిన మిస్ట్ ట్రయల్ చూడండి. మందులు వాడుతున్నా రిలాప్స్‌లు (లక్షణాలు మళ్లీ విరుచుకుపడటం) ఆగని 110 మందిని రెండు గుంపులు చేశారు. మందుల మీద కొనసాగినవారిలో 34 మందికి వైకల్యం పెరిగింది, మార్పిడి చేయించుకున్నవారిలో ముగ్గురికే. చికిత్స వల్ల ఒక్కరూ చనిపోలేదు. ఇంత తేడా కనిపించాక కూడా చాలామంది రోగులకు ఈ దారి ఉందన్న మాట చెవిన పడేసరికి చేతికి కర్ర వచ్చేసి ఉంటుంది. వ్యాధి ముదిరి, వైకల్యం నిలకడగా పెరుగుతూ పోయే ప్రోగ్రెసివ్ దశకు చేరాక ఇదే చికిత్స అంతగా పనిచేయదు, అదీ నా బాధ.

అభ్యంతరాలు లేకపోలేదు. మిస్ట్‌లో పోల్చిన మందుల్లో ఒక్రెలిజుమాబ్ అనే బలమైన మందు లేదు, ఆ మందుతో పోల్చిన ఒక పరిశీలనలో పెద్ద తేడా కనిపించలేదు కూడా. ఇన్ఫెక్షన్లు, పిల్లలు పుట్టకపోయే ప్రమాదం, అరుదుగా ప్రాణాపాయం ఉన్నాయి. అందుకే అందరికీ చేయమనడం లేదు. వయసులో ఉండి, వ్యాధి వచ్చి ఎక్కువ ఏళ్లు కాకుండా, మంచి మందు వాడుతున్నా ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు వస్తూనే ఉన్నవారి సంగతి నేను మాట్లాడుతున్నది.

మరి తేల్చే ట్రయల్స్ ఇంత ఆలస్యంగా ఎందుకు మొదలయ్యాయి? ఎంఎస్‌కు మొదటి మార్పిడులు 1990లలోనే జరిగాయి. ఇందులో వాడే సైక్లోఫాస్ఫమైడ్ ఎప్పుడో పేటెంట్ తీరిపోయిన పాత మందు, చికిత్స ఒక్కసారితో అయిపోతుంది. ఏళ్ల తరబడి అమ్ముకునే సరుకు లేనిచోట ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? అమెరికాలో బీట్-ఎంఎస్, బ్రిటన్‌లో స్టార్-ఎంఎస్ ట్రయల్స్ ప్రజాధనంతోనే నడవాల్సి వచ్చింది. ఏ మందును పరీక్షించాలో మార్కెట్ నిర్ణయిస్తే, పేటెంట్ లేని వైద్యం ఎంత మంచిదైనా మూలనే పడి ఉంటుంది.

ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారో తెలుసు కదా. కొవ్వు నుంచి తీసిన కణాలు ఎక్కించి ఎంఎస్ నయం చేస్తామనే ప్రైవేటు క్లినిక్‌లు. ఎముక మజ్జ నుంచి పెంచిన మీసెంకైమల్ కణాలను (రక్త మూలకణాలు కాని వేరే రకం, కొవ్వులోనూ దొరికేవి) 144 మంది మీద పద్ధతిగా పరీక్షించిన మెసెమ్స్ ట్రయల్‌లోనే మెదడులో కొత్త వాపు మచ్చలు తగ్గలేదు. అయినా రోగులు ఆస్తులమ్మి అక్కడికి పోతున్నారంటే, అసలైన మార్పిడి గురించి వాళ్లకు ముందుగా చెప్పినవాళ్లు లేకే. మొదటి బలమైన మందు విఫలమైన రోజే న్యూరాలజిస్ట్ ఈ మాట ఎత్తాలి, అనుభవమున్న మార్పిడి కేంద్రానికి ఫైలు పంపాలి.