ప్రసూతి సెలవు జీతం ఎవరి ఖాతాలోంచి?

మహిళా ఉద్యోగుల సమానత్వం మాట వస్తే ముందుగా లెక్కపెట్టేది సెలవు వారాలనే. ఆ లెక్కన 2017 సవరణతో 12 వారాలను 26కు పెంచిన భారత్ చాలా సంపన్న దేశాలను దాటేసింది. అయితే ఆ 26 వారాల జీతం ఎవరు కడుతున్నారన్నది అంతకన్నా ముఖ్యం.

ఉద్యోగుల రాజ్య బీమా పథకం (ఈఎస్‌ఐ) పరిధిలో లేని ఉద్యోగినికి ఆ జీతమంతా యాజమాన్యమే ఇవ్వాలి. 50 మంది సిబ్బంది ఉంటే పిల్లల సంరక్షణ కేంద్రమూ పెట్టాలి. చిన్న సంస్థకు ఇది ఆరు నెలల జీతంతో పోదు, ఆమె బదులు వచ్చేవారికీ చెల్లించాలి. మగవాళ్లను తీసుకుంటే ఈ సెలవు ఖర్చు ఉండదు. పెళ్లయిందా, పిల్లలెంతమంది అని ఇంటర్వ్యూల్లో ఆరా తీసేది అందుకే. వివక్ష తప్పే, కానీ దానికి ఖర్చు రూపంలో ఒక సాకును చట్టమే అందిస్తోంది.

స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. ఇప్పుడు 480 రోజులు. అందులో 390 రోజులకు జీతంలో సుమారు 80 శాతం సామాజిక బీమా నుంచి వస్తుంది. ఆ బీమాకు యాజమాన్యాలు ఆడా మగా తేడా లేకుండా ప్రతి ఉద్యోగి జీతం మీదా చందా కడతాయి. కాబట్టి ఆడవాళ్లను చేర్చుకుంటే అదనపు భారమేమీ పడదు. అయినా తండ్రులు సెలవు పెట్టడానికి ముందుకు రాలేదు. 1995లో ఒక్కొక్కరికి 30 రోజులు విడిగా కేటాయించి, వాడుకోకపోతే పోయినట్టేనన్నాకే కదలిక వచ్చింది. 2016 నాటికి అవి 90 రోజులయ్యాయి.

జపాన్‌లో తండ్రికి దాదాపు ఏడాది సెలవు హక్కుగా ఉన్నా 2007లో తీసుకున్నవారు 1.56 శాతమే. పైఅధికారి ఏమనుకుంటాడోనన్న భయం అడిగే నోరు నొక్కేసింది. బిడ్డ పుట్టబోతున్న ఉద్యోగికి సెలవు సంగతి చెప్పి, తీసుకుంటారా అని సంస్థే అడగాలని 2022లో నిబంధన తెచ్చారు. 2023లో సెలవు తీసుకున్న తండ్రుల వాటా 30.1 శాతానికి చేరింది. అడగాల్సిన బాధ్యత చేతులు మారడం నా దృష్టిలో చాలా పెద్ద మార్పు.

జీతాల విషయంలోనూ అంతే. బ్రిటన్‌లో 250 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు ఆడా మగా జీతాల తేడాను ప్రకటిస్తే చాలు, తేడా ఉన్నందుకు శిక్ష లేదు. ఐస్‌లాండ్ 2018లో 25 మంది ఉన్న సంస్థలకూ సమాన వేతన ధ్రువీకరణను తప్పనిసరి చేసి, రోజుకు 50,000 క్రోనాల దాకా జరిమానా పెట్టింది. అక్కడ నిరూపించుకోవాల్సింది యాజమాన్యం. కాకపోతే ఆ తనిఖీ ఒక సంస్థ గోడల మధ్యే సాగుతుంది. తక్కువ జీతాల వృత్తుల్లోనే ఆడవాళ్లు ఎక్కువగా ఉండిపోవడం దానికి కనబడదు.

మన దగ్గర కొత్త నమూనా వెతకనక్కర్లేదు. ఈఎస్‌ఐలో యాజమాన్యం 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చొప్పున అందరి జీతం మీదా చందా పడుతుంది, ప్రసూతి జీతం ఆ నిధి నుంచే వస్తుంది. 2017లో నెలకు 21,000 రూపాయలుగా పెట్టిన వేతన పరిమితిని ప్రసూతి ప్రయోజనం వరకైనా ఎత్తేసి, చందా రేటును ఆ మేరకు సవరించాలి. ప్రైవేటు రంగంలో తండ్రులకు చట్టబద్ధ సెలవే లేదు. తల్లికి బదలాయించడానికి వీల్లేకుండా కనీసం నాలుగు వారాలు వాళ్లకూ అదే నిధి నుంచి ఇవ్వాలి.